పైలట్ నిద్రకి డబ్బులెవరు కట్టాలి?

2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సర్వీసులు ఎలా ఆగిపోయాయో ఎవరూ మర్చిపోయి ఉండరు. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. ఢిల్లీ నుంచి ఆరోజు అర్ధరాత్రి దాకా వెళ్ళాల్సిన ఇండిగో దేశీయ విమానాలన్నీ రద్దు. శంషాబాద్‌లో, బెంగుళూరులో సూట్‌కేసుల గుట్టలు, కౌంటర్ల దగ్గర అరుపులు, నేల మీద పడుకున్న ముసలివాళ్ళు... ఆ వీడియోలన్నీ మనం చూశాం. మనలో కొంతమంది ఆ వీడియోల్లోనే ఉన్నారు కూడా.

తర్వాత లంచ్ టేబుళ్ళ దగ్గర, వాట్సాప్ గ్రూపుల్లో రకరకాల వాదనలు విన్నాను. పైలట్లు కావాలని మొండికేశారన్నది ఒకటి. ప్రభుత్వం ఉన్నట్టుండి పిచ్చి రూలు తెచ్చిందన్నది రెండోది. "ఇండిగో వాళ్ళే కావాలని చేసి రూలు మార్పించుకున్నారు" అన్నది మూడోది. మొదటి రెండూ తప్పని కాగితాలే చెబుతాయి. మూడోది నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు, కాబట్టి దాని జోలికి పోను. కానీ కావాలని చేసినా, చేతకాక చేసినా చివరికి జరిగింది ఒకటే. అదేంటో చెప్పడానికే ఈ టపా.

అసలు రూలేంటి?

పైలట్ ఎన్ని గంటలు పనిచేయొచ్చు, ఎన్ని గంటలు విశ్రాంతి తీసుకోవాలి అని చెప్పే నిబంధనలు ప్రతి దేశంలోనూ ఉంటాయి. మన దగ్గర వీటిని ఎఫ్‌డీటీఎల్ అంటారు. పౌర విమానయాన డైరెక్టరేట్, అదే డీజీసీఏ, 2024 జనవరిలో వీటిని మార్చింది. ముఖ్యమైన మార్పులు ఇవి:

1. వారానికి వరసగా 36 గంటల విశ్రాంతి ఉండేది, దాన్ని 48 గంటలు చేశారు.
2. "రాత్రి" అంటే ఇదివరకు 12 నుంచి 5 దాకా. ఇప్పుడు 12 నుంచి 6 దాకా.
3. రాత్రి వేళల్లోకి వచ్చే డ్యూటీలో ఇదివరకు ఆరు ల్యాండింగులదాకా చేయించొచ్చు. దాన్ని రెండుకి తగ్గించారు.

ఇందులో పిచ్చి ఎక్కడుందో నాకైతే కనపడలేదు. అర్ధరాత్రి దాటాక ఒకే మనిషి చేత ఆరుసార్లు విమానం దింపించడం సరైన పని అని, వెనక సీట్లో మన అమ్మానాన్నలని కూర్చోబెట్టి ఎవరైనా అనగలరా?

మనకి ఆన్-కాల్ అంటే ఏంటో తెలుసు. తెల్లవారుజామున మూడున్నరకి ఫోన్ మోగితే లేచి, కళ్ళు నులుముకుంటూ ప్రొడక్షన్ సర్వర్‌కి లాగిన్ అయినప్పుడు బుర్ర ఏ స్థితిలో ఉంటుందో కూడా తెలుసు. అందుకే కాస్త బుద్ధున్న టీముల్లో ఆ టైములో ఒక్కడి చేతే డేటాబేస్ మీద కమాండ్లు కొట్టనివ్వరు, ఇంకొకళ్ళు చూడాలంటారు. మన పొరపాటుకి మహా అయితే ఒక టేబుల్ పోతుంది, బ్యాకప్ నుంచి తెచ్చుకుంటాం. విమానానికి బ్యాకప్ లేదు.

మంగళూరు గుర్తుందా?

2010 మే 22. దుబాయ్ నుంచి మంగళూరు వస్తున్న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉదయం ఆరు దాటిన కాసేపటికి రన్‌వే చివర్న ఆగకుండా కొండ కిందకి పడిపోయి తగలబడింది. అందులో ఉన్నవాళ్ళు 166 మంది, చనిపోయినవాళ్ళు 158 మంది. ఎనిమిది మంది బతికారు.

విచారణ నివేదిక తేల్చిందేంటంటే, కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయారు. కాక్‌పిట్ రికార్డరులో గురక వినపడింది. దిగే సమయానికి లేచారుగానీ, నిద్రమత్తు పూర్తిగా వదల్లేదు. విమానం ఉండాల్సిన దానికంటే ఎత్తులో వస్తోందని, దిగొద్దు, మళ్ళీ పైకి లేపుదామని కో-పైలట్ చెప్పినా వినిపించుకోలేదు. ఆ మత్తుకి వైద్యంలో ఒక పేరుంది, శరీరం గడియారం అట్టడుగుకి వెళ్ళే సమయానికీ ఒక పేరుంది. రాత్రి రెండు నుంచి పొద్దున్న ఆరు దాకా ఉండే ఆ నాలుగు గంటల్లో మనిషి ఎంత ప్రయత్నించినా పూర్తి మెలకువతో ఉండలేడు. అదేం క్రమశిక్షణ లోపం కాదు, మన శరీరం తయారైన తీరే అంత.

ఇప్పుడు పైన రెండో నంబరు రూలు మళ్ళీ చదవండి. "రాత్రి"ని 5 నుంచి 6కి ఎందుకు జరిపారో అర్థమవుతుంది. ఆ గంట ఏ అధికారో సరదాకి పెట్టింది కాదు.

అమెరికాలోనూ ఇదే కథ. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. కో-పైలట్ అంతకుముందు రాత్రి సియాటిల్ నుంచి వేరే విమానాల్లో ప్రయాణం చేసి వచ్చి డ్యూటీ ఎక్కారని విచారణలో బయటపడింది. ఆ తర్వాతే అక్కడ పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారాయి, 2014 జనవరి నుంచి అమలయ్యాయి. ఏ దేశంలో చూసినా ఈ రూళ్ళు రక్తంతోనే రాశారు. అందుకే వాటిని "కంపెనీలకి ఇబ్బంది" అనే మాటతో కొట్టి పారేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండేళ్ళ నోటీసు పీరియడ్

"ఉన్నట్టుండి తెచ్చారు" అనే వాదన సంగతి చూద్దాం. రూళ్ళు వచ్చింది 2024 జనవరిలో. మొదట అనుకున్న అమలు తేదీ 2024 జూన్ 1. విమాన కంపెనీలు గోల చేస్తే వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాయి. చివరికి రెండు విడతలుగా చేస్తామని డీజీసీఏ కోర్టుకి చెప్పింది. మొదటి విడత 2025 జులై 1న, రెండోది 2025 నవంబరు 1న. రాత్రి డ్యూటీ రూళ్ళు రెండో విడతలో ఉన్నాయి.

అంటే ఇరవై రెండు నెలల టైముంది. మనకి ఏ క్లయింటైనా ఇంత టైమిచ్చాడా? "రిక్వైర్‌మెంట్ ఇదీ, గో-లైవ్ ఇరవై రెండు నెలల తర్వాత, మధ్యలో ఒకసారి వాయిదా కూడా వేస్తాం" అంటే మన మేనేజర్లు కొబ్బరికాయ కొడతారు.

ఈలోపు ఇండిగో ఏం చేసింది? 2025 అక్టోబరు చివర్లో మొదలైన శీతాకాలం షెడ్యూలులో ఎండాకాలం కంటే దాదాపు 6 శాతం ఎక్కువ విమానాలు పెట్టింది. ఒకపక్క ఒక్కో పైలట్ ఎగరగలిగే గంటలు తగ్గబోతున్నాయి, ఇంకోపక్క విమానాలు పెంచారు. దానికి అనుమతిచ్చింది మళ్ళీ డీజీసీఏనే! రూలు పెట్టిన ఆఫీసే, ఆ రూలుకి సరిపడా పైలట్లు ఉన్నారా అని చూడకుండా షెడ్యూలుకి సంతకం పెట్టింది. తిలా పాపం తలా పిడికెడు.

ప్రమాదఘంటికలు మోగలేదా అంటే మోగాయి. నవంబరు నెలలో ఇండిగో 1,232 విమానాలు రద్దు చేసింది, వాటిలో 755 సిబ్బంది కొరత, ఎఫ్‌డీటీఎల్ కారణాల వల్లేనని డీజీసీఏ లెక్కే చెప్పింది. మన భాషలో చెప్పాలంటే మానిటరింగ్ డ్యాష్‌బోర్డు నెల రోజులు ఎర్రగా వెలుగుతూనే ఉంది.

అదే రూళ్ళు ఎయిరిండియాకీ ఉన్నాయి, ఆకాశకీ ఉన్నాయి, స్పైస్‌జెట్‌కీ ఉన్నాయి. వాళ్ళకి ఇలా జరగలేదు. కాబట్టి తప్పు రూలుది కాదు.

సైబర్ టవర్స్ సిద్ధాంతం

మరి ఒక నెలపాటు నెట్టుకొచ్చిన వ్యవస్థ, మూడు రోజుల్లో ఎందుకు చేతులెత్తేసింది? ఇది మనకి బాగా తెలిసిన విషయమే. సాయంత్రం ఆరింటికి సైబర్ టవర్స్ జంక్షన్ తలుచుకోండి. రోడ్డు 70 శాతం నిండి ఉంటే ఒక ఆటో ఆగిపోయినా పక్కనించి పోతాం. 98 శాతం నిండి ఉంటే అదే ఆటోకి కూకట్‌పల్లి దాకా జామ్. ఆటో అదే, రోడ్డూ అదే, మిగిలిన ఖాళీలోనే తేడా. సర్వర్ సీపీయూకైనా, టీమ్‌లో మనుషులకైనా, పైలట్లకైనా ఈ లెక్క మారదు.

విమానాల్లో ఇది ఇంకా దారుణం, ఎందుకంటే విమానం వేరు, పైలట్ వేరు, కేబిన్ సిబ్బంది వేరు. ఒకే విమానం పొద్దున్న హైదరాబాద్ నుంచి విశాఖ, అక్కణ్ణుంచి చెన్నై, మళ్ళీ హైదరాబాద్, రాత్రికి పూణే తిరుగుతుందనుకోండి. మధ్యలో పైలట్లు దిగి వేరే విమానం ఎక్కుతారు. ఒక పైలట్‌కి ఆరోజు నాలుగు ల్యాండింగులు, చివరిది రాత్రి 11:20కి అని రాసిపెట్టారనుకుందాం. కాగితం మీద అంతా సక్రమం. పొగమంచో, రద్దీయో, ఏదో కారణానికి గంట ఆలస్యమైంది. చివరి ల్యాండింగ్ 12:20 అయింది. అంతే, ఆ డ్యూటీ రాత్రి డ్యూటీ అయిపోయింది, రెండు ల్యాండింగులే అనే పరిమితి వచ్చి నెత్తిన కూర్చుంది. చివరి విమానం అతను నడపకూడదు. ఇంకో పైలట్ కావాలి. ఆ ఊళ్ళో స్టాండ్‌బై లేకపోతే విమానం ఆగింది. ఆ విమానం ఆగితే రేపు పొద్దున పూణే నుంచి బయల్దేరాల్సింది లేదు. రేపటి పైలట్ ఇంకో ఊళ్ళో హోటల్లో కూర్చున్నాడు. ఇలా రోజుకి రెండువేల పైచిలుకు విమానాలు నడిపే కంపెనీలో గొలుసు తెగడం మొదలైతే ఎక్కడ ఆగుతుంది?

2026 జనవరిలో డీజీసీఏ విచారణ ఫలితం బయటపెట్టింది. డిసెంబరు 3 నుంచి 5 దాకా మూడు రోజుల్లో 2,507 విమానాలు రద్దు, 1,852 ఆలస్యం, మూడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇరుక్కుపోయారు. కారణాల్లో మొదటిది: అతి ఆప్టిమైజేషన్. కొత్త నిబంధనలకి తగిన సన్నాహం లేకపోవడం, సాఫ్టువేరు వ్యవస్థల్లో లోపాలు, యాజమాన్యం తీరులో లోటుపాట్లు కూడా అందులో ఉన్నాయి.

"అతి ఆప్టిమైజేషన్" అన్న మాట ఒక ప్రభుత్వ ప్రకటనలో చదువుతానని నేనెప్పుడూ అనుకోలేదు. మన ఇళ్ళల్లో అన్నం పెట్టే మాట అది! ఖర్చు తగ్గించు, బెంచ్ తగ్గించు, ఒక్కొక్కరి బిల్లింగ్ గంటలు పెంచు. పవర్‌పాయింటులో అది ఎప్పుడూ ఆకుపచ్చగానే కనపడుతుంది. ఖాళీగా కూర్చున్న స్టాండ్‌బై పైలట్ స్ప్రెడ్‌షీటులో దండగ ఖర్చు. అతను దండగ కాదని తెలిసేది డిసెంబరు 3 లాంటి రోజునే.

ఇది కొత్త జబ్బు కాదు

అమెరికాలో సౌత్‌వెస్ట్ కథ మనవాళ్ళలో చాలామంది ప్రత్యక్షంగా చూశారు. 2022 డిసెంబరు చివర్లో, క్రిస్మస్ సెలవుల్లో, మంచుతుఫాను వచ్చింది. మిగతా కంపెనీలు రెండు మూడు రోజుల్లో తేరుకున్నాయి. సౌత్‌వెస్ట్ మాత్రం పది రోజుల్లో 16,900 విమానాలు రద్దు చేసింది, 20 లక్షల మంది ప్రయాణికులు చిక్కుకుపోయారు. తుఫాను పోయినా విమానాలు ఎందుకు లేవలేదంటే, ఏ పైలట్ ఏ ఊళ్ళో ఉన్నాడో కంపెనీకే తెలియలేదు. సిబ్బందిని సర్దే సాఫ్టువేరు ఆ స్థాయి గందరగోళానికి తట్టుకోలేకపోయింది. పైలట్లు, సిబ్బంది ఫోన్లు చేసి "నేను ఫలానా చోట ఉన్నాను" అని చెప్పడానికి గంటల తరబడి హోల్డులో ఉన్నారు. విమానం ఉంది, పైలట్ ఉన్నాడు, ప్రయాణికులు ఉన్నారు, వీళ్ళని కలిపే డేటా లేదు.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒకటి దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లని పడగొట్టింది. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు, ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. అమెరికాలో డెల్టా అయిదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దు చేసింది. కంప్యూటర్లు లేచినా, సిబ్బందిని ట్రాక్ చేసే వ్యవస్థ వెనకబడి కోలుకోలేకపోయింది.

మూడు కథల్లోనూ మొదటి దెబ్బ వేరు. ఒకచోట రూలు, ఒకచోట మంచు, ఒకచోట చెడ్డ అప్‌డేట్. కుప్పకూలింది మాత్రం ఒకటే, సిబ్బంది రోస్టరు. రోస్టరు ప్లాన్ చేసే సాఫ్టువేరు వేరు, చెడిపోయిన రోస్టరుని గంటలో తిరిగి అల్లే సాఫ్టువేరు వేరు. మొదటిదానికి డబ్బులిస్తారు, ఎందుకంటే అది ఖర్చు తగ్గిస్తుంది. రెండోదాన్ని వచ్చే ఏడు చూద్దామంటారు. డిజాస్టర్ రికవరీ డ్రిల్లుకి బడ్జెట్ అడిగిన ప్రతివాడికీ ఈ జవాబు పరిచయమే.

విమానయాన రంగానికి ఇదంతా చేతకాదా అంటే, బ్రహ్మాండంగా చేతనవును. సరిగ్గా అదే వారం ముందు జరిగింది చూడండి. 2025 అక్టోబరు 30న జెట్‌బ్లూ విమానం ఒకటి గాల్లో ఉండగా ఉన్నట్టుండి ముక్కు కిందికి వంచింది. సూర్యుడి నుంచి వచ్చే తీవ్రమైన రేడియేషన్ వల్ల ఏ320 కంట్రోలు కంప్యూటరులో డేటా చెడిపోయే అవకాశం ఉందని ఎయిర్‌బస్ గుర్తించింది. నవంబరు 28న దాదాపు 6,000 విమానాలని సరిచేయమంది. చాలావాటికి పరిష్కారం పాత సాఫ్టువేరు వెర్షనుకి వెళ్ళడమే, అంటే రోల్‌బ్యాక్. మన దేశంలోనే మూడొందలకి పైగా విమానాలున్నాయి, ఇండిగోవే వాటిలో ఎక్కువ. ఆ శని ఆదివారాల్లోనే దాదాపు పని పూర్తి చేసేశారు. చేయని విమానం ఎగరకూడదు అన్నారు కాబట్టి చేశారు. "ఫిబ్రవరి దాకా మినహాయింపు ఇవ్వండి" అని ఎవరూ అడగలేదు, అడిగినా ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు.

మరి పైలట్ నిద్రకి మినహాయింపు ఎలా ఇచ్చారు?

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. డిసెంబరు 5న, ఎయిర్‌పోర్టులు కిక్కిరిసిపోయిన రోజున, ఇండిగోకి రాత్రి డ్యూటీ రూళ్ళ నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు. వారపు విశ్రాంతిని సెలవుతో సర్దేయకూడదు అనే నిబంధనని కూడా అందరికీ వెనక్కి తీసుకున్నారు.

మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడుగారు అప్పటి పౌర విమానయాన మంత్రి. ఆయన స్థానంలో ఎవరున్నా ఆ రోజు ఏం చేసేవాళ్ళు? నిజాయితీగా ఆలోచిస్తే పెద్దగా దారి లేదు. దేశంలో ఎగిరే ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఒకే కంపెనీ మోస్తోంది. అది ఆగితే దేశం ఆగింది. ఆరోజు మిగతా కంపెనీల టికెట్లు ఆకాశాన్నంటితే మర్నాడు ప్రభుత్వం రేట్లకి గరిష్ఠ పరిమితి పెట్టింది, 500 కిలోమీటర్ల లోపు 7,500, 1,500 దాటితే 18,000 రూపాయలు. తర్వాత ఇండిగో షెడ్యూలు 10 శాతం తగ్గించమంది. ఆ రెండూ మంచి నిర్ణయాలే. కానీ భద్రత రూలు మీద వెనక్కి తగ్గడం వేరే సంగతి. కంపెనీ ఎంత పెద్దదైతే రూలు అంత మెత్తబడుతుంది అని అందరికీ తెలిసిపోయింది. చిన్న కంపెనీ సిద్ధం కాకపోతే దానికి జరిమానా పడుతుంది. పెద్ద కంపెనీ సిద్ధం కాకపోతే రూలుకే వాయిదా పడుతుంది.

సరే, తర్వాత జరిమానా వేశారు కదా అంటారా? 22.2 కోట్లు వేశారు, 50 కోట్ల బ్యాంకు గ్యారంటీ అడిగారు. ఒక చిన్న లెక్క చేద్దాం. 2024-25లో ఇండిగో నికర లాభం 7,258 కోట్లు. రోజుకి దాదాపు 20 కోట్లు. అంటే జరిమానా ఒక్కరోజు లాభానికి కాస్త ఎక్కువ. ఇంకోలా చూస్తే, ఇరుక్కున్న మూడు లక్షల మందికి పంచితే తలకి 740 రూపాయలు. ఆ డబ్బైనా ప్రయాణికులకి రాదు, ఖజానాకి పోతుంది. రెండేళ్ళపాటు స్టాండ్‌బై పైలట్ల జీతాలు మిగుల్చుకుని, చివర్లో ఒక్కరోజు లాభం కట్టేస్తే సరిపోతుందంటే, ఏ ఫైనాన్స్ వైస్ ప్రెసిడెంటైనా ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పాలా?

"చవక టికెట్లు కావాలంటే ఇంతే" అనే వాదన

ఇది తీసిపారేయాల్సిన వాదన కాదు. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చేదాకా మన నాన్నల తరంలో విమానం ఎక్కినవాళ్ళు ఎంతమంది? గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్టు చూసుకుంటూ పండక్కి వెళ్ళిన మనం, ఇవాళ విశాఖకి గంటలో వెళ్తున్నామంటే పొదుపుగా నడిపే కంపెనీల పుణ్యమే. 2017 ఏప్రిల్లో ఉడాన్ పథకం మొదలైన రోజే కడప - హైదరాబాద్ విమానం ఎగిరింది.

ఖర్చు చూసుకోకుండా నడిపినవాళ్ళ గతి ఏమైందో కూడా చూశాం. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయింది, ఉద్యోగుల జీతాలు ఎగ్గొట్టి మరీ. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న చివరిసారి ఎగిరింది. ఒక్కో కంపెనీ పోయినప్పుడల్లా మిగిలినవాళ్ళ వాటా పెరిగింది. ఇండిగో పొదుపు వల్లే బతికింది, బతికింది కాబట్టే పెద్దదైంది. అది ఒప్పుకోవాలి. ఒకే రకం విమానాలు, గబగబా దింపి ఎక్కించడం, టైముకి నడపడం, ఇవన్నీ మెచ్చుకోదగ్గ ఇంజినీరింగే.

కానీ పొదుపు వేరు, పక్కవాడి నెత్తిన ఖర్చు రుద్దడం వేరు. భోజనం పెట్టకపోవడం పొదుపు, నేను ఇంటినుంచి పులిహోర తెచ్చుకుంటాను. సీటు వెనక్కి వాలకపోవడం పొదుపు, గంట ప్రయాణానికి ఓర్చుకుంటాను. స్టాండ్‌బై పైలట్లని పెట్టుకోకపోవడం పొదుపు కాదు. ఆ ఖర్చు మాయమవదు. పెళ్ళికి అందనివాడి మీద, వీసా ఇంటర్వ్యూ తప్పిపోయిన పిల్ల మీద, చావు కబురు విని బయల్దేరి కడచూపు దక్కనివాడి మీద పడుతుంది. టికెట్టు మీద వంద రూపాయలు తగ్గించి, వెయ్యిమందిలో ఒకడి నుంచి లక్ష లాక్కోవడం లాంటిది ఇది. ఆ ఒక్కడు ఎవరన్నది లాటరీ.

మరి ఏం చేయాలి?

యూరపులో 2005 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. రెండువారాల ముందు చెప్పకుండా విమానం రద్దు చేస్తే, టికెట్ డబ్బులు వెనక్కివ్వడమో వేరే విమానంలో పంపడమో చేస్తూనే, పైన దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల పరిహారం ఇవ్వాలి. "అసాధారణ పరిస్థితి" అయితే మినహాయింపు ఉంది. అసాధారణం అంటే ఏంటన్నది అక్కడి కోర్టులు చాలా గట్టిగా పట్టుకున్నాయి. 2023 మేలో యూరపు అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఒకటి చూడండి. పోర్చుగల్ విమాన కంపెనీ కో-పైలట్ ఒకాయన విమానం బయల్దేరాల్సిన ఉదయమే హోటల్ గదిలో చనిపోయి కనిపించారు. విమానం రద్దయింది. ఇది అసాధారణం కాదా? కాదంది కోర్టు. మనిషిగా విషాదమే, కానీ సిబ్బంది అనుకోకుండా రాకపోవడం అనేది విమాన కంపెనీ నడపడంలో మామూలు విషయం, దానికి సిద్ధంగా ఉండటం కంపెనీ పని అంది. చదివినప్పుడు కఠినంగా అనిపించింది. ఆలోచిస్తే అంతకంటే సరైన మాట లేదు. పరిహారం భయమే అక్కడ స్టాండ్‌బై పైలట్‌కి జీతం ఇప్పిస్తుంది.

మన డీజీసీఏ నిబంధనల్లోనూ పరిహారం ఉంది. సరిగ్గా ముందు చెప్పకుండా రద్దు చేస్తే, ప్రయాణ సమయం గంటలోపైతే 5,000, రెండు గంటలదాకా 7,500, ఆపైన 10,000 రూపాయలు. అయితే "లేదా బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపినంత, రెండిట్లో ఏది తక్కువైతే అది" అన్న తోక ఉంది. మూడువేల టికెట్టు కొన్నవాడికి పరిహారం మూడువేల లోపే. ఇలా ఉంటే భయం ఎవరికి? నేను కోరేది నాలుగే:

1. "ఏది తక్కువైతే అది" తీసేయాలి. నిర్ణీత మొత్తం, ప్రయాణికుడు అడక్కుండానే బ్యాంకు ఖాతాలోకి. రీఫండ్ ఎలా వెళ్తుందో అలాగే. వోచర్లు కాదు, ఆ కంపెనీలోనే మళ్ళీ ఎక్కమనడం పరిహారం ఎలా అవుతుంది?

2. సిబ్బంది కొరత ఎప్పుడూ "అసాధారణం" కాదు అని స్పష్టంగా రాయాలి.

3. షెడ్యూలుకి అనుమతిచ్చే ముందు, ఆ షెడ్యూలు నడపడానికి స్టాండ్‌బైతో సహా ఎంతమంది పైలట్లు కావాలో లెక్క చూపించమనాలి. లోడ్ టెస్టు చూపించకుండా మనల్ని ప్రొడక్షన్‌లోకి పోనిస్తున్నారా?

4. జరిమానాలో ఎక్కువ భాగం ప్రయాణికులకే చేరాలి. సౌత్‌వెస్ట్‌కి 2023 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం 14 కోట్ల డాలర్ల జరిమానా వేసి, అందులో 9 కోట్లు మున్ముందు ఆలస్యమయ్యే ప్రయాణికులకి పరిహారంగా ఇచ్చేలా కట్టడి చేసింది. వోచర్ల రూపంలోనే అయినా, డబ్బు కనీసం సరైన దిక్కుకి వెళ్ళింది.

దీనివల్ల టికెట్టు రేటు కాస్త పెరుగుతుంది. పెరగనివ్వండి. ఆ పెరిగింది దేనికంటే, అర్ధరాత్రి మన విమానం దింపే మనిషి రెండు రాత్రులు కడుపునిండా నిద్రపోయి వచ్చినందుకు, ఆయనకి జ్వరమొస్తే ఇంకొకాయన సిద్ధంగా ఉన్నందుకు. శీర్షికలో అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదే. టికెట్టు కొనే మనమందరం తలా కొంచెం కట్టాలి, బయటికి కనపడేలా కట్టాలి. ఇప్పుడూ కడుతున్నాం, కాకపోతే ఎవరో ఒకరు ఒక్కసారిగా, ఎయిర్‌పోర్టు నేల మీద పడుకుని కడుతున్నారు.

ఇంకొక్క మాట. ఈసారి విమానం ఆలస్యమైందని, "సిబ్బంది డ్యూటీ టైము అయిపోయింది, వేరే పైలట్ కోసం చూస్తున్నాం" అని అనౌన్స్ చేస్తే, గేటు దగ్గర నిలబడ్డ ఆ పాతికేళ్ళ అమ్మాయి మీద అరవకండి. ఆమె చేతిలో ఏమీ లేదు. నడపనన్న పైలట్‌ని తిట్టకండి, ఆయన చేస్తున్నది సరైన పని. బోర్డింగ్ పాసు, వచ్చిన మెసేజీలు, అదనంగా పెట్టిన ఖర్చుల రసీదులు దాచుకుని, రాతపూర్వకంగా పరిహారం అడగండి. ఇవ్వకపోతే ఎయిర్‌సేవలో ఫిర్యాదు చేయండి, అక్కడా కాకపోతే వినియోగదారుల ఫోరానికి వెళ్ళండి. మూడు లక్షల మందిలో మూడువేల మంది అలా వెళ్తే, వచ్చే శీతాకాలం షెడ్యూలు వేసేటప్పుడు ఆ స్ప్రెడ్‌షీటులో ఒక కొత్త వరుస చేరుతుంది.

ఈ రంగంలో పనిచేసేవాళ్ళు, ముఖ్యంగా రోస్టరింగ్ సాఫ్టువేరు మీద పనిచేసినవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, లోపలి సంగతులు మీకు బాగా తెలిసుంటాయి. నా లెక్కలో తేడా ఉంటే చెప్పండి.